తొమ్మిది జవాబుల్లో ఒకే పాల వ్యాను

మా కాలేజీ మినిట్స్ పుస్తకంలో నా గురించి ఒక మంచి వాక్యం ఉండేది. ఇంగ్లీషులో రాసిన ఆ వాక్యాన్ని తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: "సంబంధిత అధ్యాపకుని విజ్ఞప్తి మేరకు తొమ్మిది మంది విద్యార్థులను హెచ్చరించి క్షమించడమైనది."

ఆ అధ్యాపకుణ్ణి నేనే. ఆ వాక్యం అబద్ధం. ఆ తొమ్మిది మందిని క్షమించమని నేనెవర్నీ అడగలేదు. వాళ్ళ మీద ఫిర్యాదు చేసిందే నేను. విచారణలో వాళ్ళు గెలిచారు, నేను ఓడిపోయాను. ఓడిపోయినవాడి పరువు కాపాడటానికి ఆ వాక్యం పుట్టింది. పుట్టించిందీ నేనే.

కొన్నేళ్ళ తర్వాత ఆ వాక్యమే ఒక అమ్మాయి ఉద్యోగానికి అడ్డం పడింది. అది ఎలా తొలగిందో చెప్పాలంటే అది ఎలా వచ్చి పడిందో ముందు చెప్పాలి. ఇందులో నాకు గొప్ప అనిపించుకునే భాగం ఎక్కడా లేదు. కానీ ఇది ఒక గెలుపు కథ. గెలిచింది నేను కాకపోయినా చెప్పుకోవడానికి నాకు సంతోషంగానే ఉంది.

నేను చెన్నైలో ఒక సాయంత్రం కాలేజీలో బీకాం వాళ్ళకి స్టాటిస్టిక్స్ చెప్తాను. పగలు పనిచేసుకుని సాయంత్రం చదువుకునే పిల్లలు. మనలి, మాధవరం, అంబత్తూరు వైపు నుంచి వస్తారు. కరోనా వచ్చి క్లాసులు ఫోన్లలోకి మారినప్పుడు నా ముందు అరవై నల్లటి గళ్ళు మిగిలాయి. గడికో పేరు, పేరు పక్కన రోల్ నంబరు. ఇరవై రెండేళ్ళు మనుషుల ముఖాలు చూసి పాఠం చెప్పినవాణ్ణి. ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో కనుబొమలు చూసి పోల్చేవాణ్ణి. ఇప్పుడు కనుబొమలు లేవు.

దానికి నేనొక పద్ధతి కనిపెట్టాను. పాఠం మధ్యలో ఉన్నట్టుండి ఒక నంబరు పిలిచేవాణ్ణి. "ఇరవై ఏడు!" అని, మూడు లెక్కపెట్టేవాణ్ణి. మూడు లోపల కెమెరా పెట్టి జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఆ రోజు ఆబ్సెంట్. రెండుసార్లు అలా జరిగితే క్లాసులోంచి బయటికి తీసేసేవాణ్ణి, ఒక్క మీట నొక్కితే సరిపోయేది. పిల్లల్ని క్లాసులో కట్టిపడేయడం ఎలాగో నాకు తెలిసిపోయిందని స్టాఫ్ మీటింగులో చెప్పుకున్నాను కూడా. ఇద్దరు కొత్త లెక్చరర్లు రాసుకున్నారు.

మూడు లోపల ఎప్పుడూ జవాబు చెప్పనిది నలభై ఒకటి. ఎన్నిసార్లు పిలిచినా కెమెరా వెలిగేది కాదు. నేను నాలుగో ఐదో లెక్కపెట్టాక చాట్‌లో "ప్రెసెంట్ సార్" అని ఒక్క ముక్క వచ్చేది. ఒకసారి మైకు తెరిస్తే టకటకమని ఏదో చప్పుడు వచ్చి మళ్ళీ మూసుకుంది. ఇంట్లో ఎవరో టీవీ పెట్టుకుని కూర్చున్నారనుకున్నాను.

మా కుటుంబం నాలుగు తరాలుగా ఈ ఊళ్ళోనే ఉంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బయటివాళ్ళ ముందు చెప్పకూడని మాట ఏదైనా ఉంటే తెలుగులో అనేస్తాం. బస్సులో, కూరగాయల అంగట్లో, డాక్టరు ఎదుట కూర్చుని కూడా. ఎవరికీ అర్థం కాదని ధీమా. ఈ అలవాటు మా తాతల నుంచి వస్తోంది. నిజానికి ఈ ఊళ్ళో నలుగురిలో ఒకరికైనా తెలుగు తెలిసే ఉంటుందని తాతలకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఒక రోజు మా ఆవిడ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. క్లాసు నడుస్తూనే ఉంది. నలభై ఒకటిని పిలిచి అప్పుడే మూడు లెక్కపెట్టాను. మైకు మూయకుండానే మా ఆవిడతో తెలుగులో అన్నాను: "ఈ నలభై ఒకటి ఉంది చూడు, దీనికి చెప్పడం కంటే ఆ గోడకి చెప్పుకోవడం నయం. గోడయినా కదలకుండా వింటుంది."

చాట్‌లో వెంటనే "ప్రెసెంట్ సార్" వచ్చింది. ఆ రోజు మాత్రం ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదు. నేనది గమనించి కూడా ఏమీ అనుకోలేదు. మీట నొక్కి బయటికి తీసేశాను.

సెమిస్టర్ పరీక్ష వచ్చింది. పిల్లలు ఇంట్లోనే కాగితం మీద రాసి, ఫోటోలు తీసి పంపాలి. అందరూ పుస్తకం ముందు పెట్టుకునే రాస్తారని మాకు తెలుసు. అందుకే నేను పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి వేశాను. స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏమిటో సూత్రం రాయకుండా, ఒక సామాన్యుడికి చెప్పినట్టు చెప్పండి అని.

అరవైలో యాభై ఒక్కరు సూత్రమే రాశారు. మిగతా తొమ్మిది మంది ఒక పాల వ్యాను గురించి రాశారు.

రెండు పాల వ్యాన్లు ఉన్నాయి. రెండూ సగటున అయిదున్నరకి బూత్ దగ్గరికి వస్తాయి. మొదటిది రోజూ అయిదున్నరకి ఒక నిమిషం ముందో వెనకో వస్తుంది. రెండోది ఒక రోజు అయిదింటికే వచ్చేస్తుంది, ఒక రోజు ఆరు దాకా రాదు. మీరైతే ఏ వ్యాను వచ్చే బూత్ దగ్గర నిలబడతారు? సగటు ఒకటే, నమ్మకం వేరు. ఆ నమ్మకం ఎంతో చెప్పే అంకే స్టాండర్డ్ డీవియేషన్.

తొమ్మిది కాగితాల్లోనూ ఇదే. చివరి వాక్యంతో సహా. అందులో నలభై ఒకటి కాగితం కూడా ఉంది. ఇరవై రెండేళ్ళలో నేను ఆ ముక్కని అంత చక్కగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసే ఎర్ర పెన్ను తీసి తొమ్మిదింటి మీదా అడ్డంగా గీత కొట్టాను.

మా ఆవిడ ఒక కాగితం అందుకుని చదివింది. ఆమె స్కూలు టీచరు.

"ఇందులో తప్పేముందండీ?"

"తొమ్మిది మందీ అదే రాశారు. కాపీ."

"తొమ్మిది మంది ఒకే తప్పు రాస్తే కాపీ అనుకోవచ్చు. ఒకే ఒప్పు రాస్తే మాస్టారు బాగా చెప్పారనుకోవాలి కదా?"

"నేను ఈ పాల వ్యాను చెప్పలేదు."

"ఆఁ, అదన్న మాట మీ బాధ," అని కాగితం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు విభాగాధిపతి మేడమ్‌కి ఫిర్యాదు రాసి పంపాను. మూకుమ్మడిగా కాపీ కొట్టారు, తొమ్మిది మందినీ ఆ పరీక్షలో ఫెయిల్ చేయాలి, వాళ్ళకి నాయకురాలు నలభై ఒకటి అయి ఉంటుంది, ఆమెకి మొదటి నుంచీ క్లాసు మీద ధ్యాస లేదు అని. ఆ చివరి మాటకి నా దగ్గర ఆధారం ఏమీ లేదు. రుజువైతే ఆ పిల్లలకి ఒక ఏడాది పోతుంది. ఆ సంగతి తెలిసే సంతకం పెట్టాను.

విచారణ కూడా ఫోన్లలోనే. మేడమ్, ఇంకో విభాగం నుంచి ఒక పెద్దాయన, నేను. ఎదురుగా తొమ్మిది గళ్ళు. మేడమ్ తమిళులు. మాటలన్నీ తమిళంలోనే నడిచాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మేడమ్ అడిగారు: "ఈ పాల వ్యాను ఎవరిది?"

ఒక గడి వెలిగింది. నలభై ఒకటిని నేను మొదటిసారి చూశాను. తలకి వలలాంటి టోపీ, చెవిలో ఒకే ఒక ఇయర్‌ఫోను. వెనకాల బస్తాలు, బస్తాల వెనకాల ఒక యంత్రం. టకటకమని అదే చప్పుడు.

"నాది మేడమ్. మాది మాధవరం పాల కాలనీ. మా అమ్మ బూత్‌లో పనిచేస్తుంది. చిన్నప్పటి నుంచి ఆ రెండు వ్యాన్ల కోసం నిలబడి నిలబడి నాకు ఈ లెక్క ముందే తెలుసు. దానికి పేరుందని మాత్రం సార్ క్లాసులోనే తెలిసింది."

"నీది మిగతా ఎనిమిది మంది కాగితాల్లోకి ఎలా వెళ్ళింది?"

అప్పుడు మొత్తం బయటికొచ్చింది. అంబత్తూరులో సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో ఆమెకి పని. కరోనా వచ్చాక షిఫ్టు మారి క్లాసు వేళకే పడింది. ఒక చెవిలో నా పాఠం, రెండో చెవిలో యంత్రం. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి కెమెరా పెట్టలేదు. మూతల అచ్చు మార్చేటప్పుడు యంత్రం పావుగంట ఆగుతుంది. ఆ పావుగంటలో, అప్పటి దాకా విన్న పాఠాన్ని రెండు నిమిషాల వాయిస్ నోట్‌గా చెప్పి ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టేది. క్లాసుకి రోజూ రాలేని ఎనిమిది మంది ఉన్నారు ఆ గ్రూపులో. ఒకరి ఇంట్లో నలుగురికీ కలిపి ఒకే ఫోను, ఒకరు ఇళ్ళకి గ్యాస్ సిలిండర్లు వేస్తారు, ఒకరు ఆస్పత్రిలో టోకెన్లు ఇస్తారు.

"పని దగ్గర ఫోను ఊరుకుంటారా?" అని పెద్దాయన అడిగారు.

"సూపర్‌వైజర్ అక్కకి కూడా పాఠం వినాలని ఆశ సార్. ఆమె కొడుకు ప్లస్ టూ."

పెద్దాయన నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు నవ్వు రాలేదు. "అంటే ఆ నోటు విని ఎనిమిది మందీ బట్టీ కొట్టి రాశారు. అది కాపీ కాదా?" అన్నాను.

అప్పుడామె నేరుగా నాతో తెలుగులో మాట్లాడింది. స్వచ్ఛమైన మా మద్రాసు తెలుగు.

"సార్, నన్ను గోడ అనినారు, సెరి. ఆ పొద్దు వినిందాన్ని గాబట్టి చెప్తా ఉండా. గోడకి చెవులుండాయి సార్. వీండ్లని ఒక్కొక్కరినే అడగండి. పాల వ్యాను బాగుండాదని పరీక్షలో అదే రాసినారు, ఇప్పుడు అది వొద్దు. ఎవురి పనిలోంచి వాండ్లు చెప్తారు. ఒక్కరు చెప్పలేకపోయినా నన్ను ఫెయిల్ చేసేయండి, నేను అడగను."

"ఏమంటోంది?" అని మేడమ్ నన్ను అడిగారు. నేను తమిళంలో చెప్పాను. గోడ సంగతి వదిలేసి చెప్పాను.

మేడమ్ ఒక్కొక్కరినే పిలిచారు. నేను కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. ఇద్దరు చెప్తారు, మూడో వాడి దగ్గర తెగుతుంది అనుకున్నాను.

సిలిండర్ల అబ్బాయి చెప్పాడు: మూడో అంతస్తు ఇళ్ళు నాలుగుంటే సగటున ఎంత సేపు పడుతుందో చెప్పగలను, కానీ లిఫ్టు పనిచేసే రోజూ చెయ్యని రోజూ కలిపితే ఆ సగటు ఎందుకూ పనికిరాదు అని. టోకెన్ల అమ్మాయి ఇద్దరు డాక్టర్ల గురించి చెప్పింది. ఇద్దరూ గంటకి పది మందిని చూస్తారు. ఒకాయన దగ్గర ఎవరూ గొడవపడరు, ఇంకొకాయన దగ్గర రోజూ గొడవే. మాస్కులు కుట్టే అమ్మాయి చెవి తాళ్ళ పొడవుల్లో తేడా గురించి చెప్పింది. మనలి రిఫైనరీ దగ్గర టిఫిన్ బండి నడిపే ఇంటి అబ్బాయి, షిఫ్టు వదిలే వేళకి ఎన్ని ఇడ్లీలు వేయాలో వాళ్ళ నాన్న ఎలా అంచనా వేస్తాడో చెప్పాడు. నాకు ఆ పూట ఆకలి కూడా వేసింది.

ఏడుగురు అయ్యేసరికి మేడమ్ కెమెరాకి దగ్గరగా జరిగారు. ఎనిమిదో అబ్బాయిని గ్రూపు నోట్లకి అందని ప్రశ్న అడగాలనుకున్నారు.

"రెండింటి సగటూ ఒకటి కాకపోతే? అప్పుడు డీవియేషన్లు పక్కపక్కన పెట్టి పోల్చవచ్చా?"

ఆ పాఠం పుస్తకంలో తర్వాతి అధ్యాయంలో ఉంది. నేను ఒక్కసారి చెప్పి వదిలేశాను.

ఆ అబ్బాయి మాధవరం బస్టాండులో పార్సిళ్ళు ఎక్కిస్తాడు. "పోల్చకూడదు మేడమ్. నెల్లూరు బస్సు పది నిమిషాలు లేటయితే ఎవరూ వాచీ చూసుకోరు. మనలి బస్సు పది నిమిషాలు లేటయితే కండక్టర్ని కొట్టబోతారు. పది నిమిషాలు రెండు చోట్లా పది నిమిషాలే. కానీ ఎంత దూరంలో పది అనేది చూడాలి. సగటుతో భాగించాలి."

"ఇది కూడా ఆ అమ్మాయి చెప్పిందేనా?"

"లేదు మేడమ్, ఇది నేను చెప్పిన నోటు. మా గ్రూపులో జవాబు చెప్పినవాళ్ళే తర్వాత ప్రశ్న వేయాలి. పుస్తకంలోది చెప్తే ఒప్పుకోరు. ఆ రోజు కంటితో చూసిందే చెప్పాలి. ఆ వారం నా వంతు."

పెద్దాయన చప్పట్లు కొట్టారు. విచారణలో చప్పట్లు కొట్టకూడదు. ఆయన కొట్టారు, మేడమ్ కూడా కొట్టారు, తొమ్మిది గళ్ళలోనూ ఒక్కసారిగా మైకులు తెరుచుకుని కేకలు. అంబత్తూరు గడిలో యంత్రం చప్పుడు ఆగిపోయి ఒక ఆడమనిషి గొంతు, "గెలిచావా పిల్లా?" అని తమిళంలో అరిచింది. సూపర్‌వైజర్ అక్క అయి ఉంటుంది. నలభై ఒకటి మొహాన్ని రెండు చేతుల్లో దాచుకుంది. అరవై గళ్ళతో నేను నడిపిన ఆ ఏడాదంతటిలో అంత ప్రాణమున్న క్లాసు అదొక్కటే. అందులో నేను మాస్టారిని కాను.

ఇక నా తప్పు. ఫిర్యాదు రాయడం ఒక తప్పు, కానీ అది కోపంలో చేసింది. రెండోది తీరిగ్గా చేశాను.

ఆ సాయంత్రం మేడమ్‌కి ఫోన్ చేశాను. "ఫిర్యాదు తప్పు అని మినిట్స్‌లో రాస్తే నా సర్వీసుకి మచ్చ మేడమ్. పిల్లలకి ఎలాగూ మార్కులు వేస్తున్నాం. హెచ్చరించి వదిలేశామని రాస్తే ఎవరికీ నష్టం లేదు," అన్నాను. మేడమ్, "మీరు సీనియర్. మీ ఇష్టం," అన్నారు. ఆ వాక్యం అలా పుట్టింది.

తర్వాతి సెమిస్టర్ నుంచి నేను నంబర్లు పిలవడం మానేశాను. రెండు నిమిషాల నోటు, చూసిన దాంట్లోంచి జవాబు, చెప్పినవాళ్ళదే తర్వాతి ప్రశ్న. నల్లటి గళ్ళ వెనక మనుషులు కదలడం మొదలైంది. అది సార్ పద్ధతి అని పేరు పడింది. వేరే కాలేజీల వాళ్ళు పిలిచి మాట్లాడమన్నారు. మూడు చోట్ల శాలువా కప్పారు. ఒక్క చోట కూడా అంబత్తూరు మాట ఎత్తలేదు. మా ఆవిడ మూడో శాలువా మడత పెడుతూ, "ఇది ఆ అమ్మాయి ఇంటికి పంపిద్దామా, మన బీరువాలోనే పెట్టనా?" అంది. బీరువాలోనే పెట్టమన్నాను.

ఆమె డిగ్రీ పాసైంది. ఫ్యాక్టరీలో పనిచేస్తూనే ఎంకాం చేసింది. కొన్నాళ్ళకి మా కాలేజీ ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టి పాఠాలు చెప్పేవాళ్ళ కోసం చూసింది. ఆమె దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూలో అందరికంటే ముందు నిలిచింది. తర్వాత పాత ఫైలు తీశారు. అందులో ఒక హెచ్చరిక ఉంది, పరీక్షలో కాపీకి. పరీక్షలో కాపీ కొట్టిన మనిషికి పాఠం చెప్పే ఉద్యోగం ఇవ్వరు.

నాకు ఫోన్ చేసింది.

"సార్, నేనండీ, నలభై ఒకటి. ఆ పొద్దు మేము గెలిస్తిమి గదా సార్? అందరూ చప్పట్లు కొట్టిరి గదా? ఈడ చూస్తే హెచ్చరించి వదిలినారని ఉంది. ఎవురో తప్పు రాసినట్టుండారు. మీరొక మాట చెప్తే..."

ఎవరో తప్పు రాశారనే అనుకుంది. నా మీద అనుమానం కూడా రాలేదు ఆమెకి. ఆ మాట నన్ను ఏ తిట్టూ కొట్టనంత గట్టిగా కొట్టింది.

"తప్పు రాసింది నేనమ్మా," అన్నాను. మొత్తం చెప్పాను. గోడ దగ్గర నుంచి శాలువాల దాకా.

అవతల యంత్రం చప్పుడు లేదు. బస్సు హారన్లు వినిపించాయి.

"ఏంది సార్ మీరు," అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "సెరి. రాసిన చేత్తోనే కొట్టేయండి. నాకు సోమారం లోపల కావాల."

సోమవారానికి ముందే ఇచ్చాను. ఆమె చెప్పినట్టే నా చేత్తో రాశాను, టైపు చేయించలేదు. ఫిర్యాదు నాదని, దానికి ఆధారం లేదని, విచారణలో తొమ్మిది మందీ నిర్దోషులని తేలిందని, నా పరువు కోసం నేనే తప్పు వాక్యం రాయించానని, నా పేరు మీద చెలామణి అవుతున్న బోధనా పద్ధతిని తయారుచేసింది నలభై ఒకటో నంబరు విద్యార్థిని అని. కాలేజీ కౌన్సిల్ ముందు నిలబడి చదివాను. మేడమ్ అక్కడే ఉన్నారు. "ఆ రోజు ఒప్పుకున్నందుకు నేనూ సంతకం పెడతాను," అని పెన్ను అడిగారు. ప్రిన్సిపాల్ గారు నాకు ఒక మెమో ఇచ్చారు. ఆ కాగితాన్ని శాలువాల మీద పెట్టాను, బీరువా తీసినప్పుడల్లా ముందు అదే కనబడేలాగ. పాత వాక్యాన్ని కొట్టేసి పక్కన కొత్తది రాశారు. తొమ్మిది ఫైళ్ళలోంచీ ఆ హెచ్చరిక పోయింది.

ఆమెకి ఉద్యోగం వచ్చింది. మొదటి క్లాసు వినడానికి అనుమతి అడిగాను. "రండి సార్, లింక్ పంపిస్తా," అంది.

నూటికి పైగా గళ్ళు. నేనూ ఒక నల్లటి గడిని. కెమెరా పెట్టే ధైర్యం లేదు. ఆమె ఎవరి నంబరూ పిలవలేదు. "క్లాసు అయ్యేలోపల ఎప్పుడు వీలైతే అప్పుడు చెప్పండి. బస్సులో ఉంటే బస్సులోంచి, వంట చేస్తూ ఉంటే వంటలోంచి. చేతులు ఖాళీ లేకపోతే ఖాళీ అయ్యాక చెప్పండి," అంది తమిళంలో. సగటు గురించి రెండు నిమిషాలు చెప్పి ఆపింది. గళ్ళు ఒక్కొక్కటే పలకడం మొదలైంది. ఎక్కడో కుక్కర్ కూత, ఎక్కడో రైలు, ఎవరి ఇంట్లోనో చంటిపిల్ల ఏడుపు. ఆ చప్పుళ్ళన్నిటి మధ్య జవాబులు. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

"ఇంకొకరు ఉండారు," అంది ఉన్నట్టుండి, తెలుగులో. "గోడలాగా కదలకుండా వింటా ఉండారు. చెప్పండి సార్. ఈ పొద్దు చూసిన దాంట్లోంచే."

మైకు తెరిచాను. పొద్దుట నుంచి చూసినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఆమె లెక్కపెట్టలేదు. చెప్పేదాకా ఆగింది. పొద్దున కూరగాయల అంగట్లో చూసిన రెండు తక్కెళ్ళ గురించి చెప్పాను. రెండూ సగటున సరిగ్గానే తూస్తాయి, ఒకదాని ముల్లు మాత్రం ఊగుతూనే ఉంటుందని.

"బాగుంది సార్," అంది నలభై ఒకటి. "జవాబు చెప్పినారు గాబట్టి, తర్వాత ప్రశ్న మీరే వేయాల."